గూడ్స్ ఇంజిన్ జోల

మధ్యాహ్నం కొట్లో మిషను తొక్కుతున్న దర్జీకి కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, పాప కన్ను మూయట్లేదు. పురుడైన దగ్గర్నుంచీ నాకూ కునుకు లేదు."

"నువ్వూ అంతేనే. మీ అమ్మ జోల పాడితే ఇంకా గుక్కపట్టేదానివి. రైల్వే యార్డు గోడ పక్కకి ఎత్తుకెళ్తే ఠక్కున పడుకునేదానివి."

"అక్కడేముంది?"

"పాత డీజిల్ గూడ్స్ ఇంజిన్. ఆపితే మళ్ళీ స్టార్టవదని డ్రైవర్లు ఆపేవాళ్ళే కాదు. సరుకు ఎక్కించినంతసేపూ మూలుగుతూనే ఉండేది."

"నా వంక పెట్టుకుని నువ్వే ఇంజిన్లు చూడ్డానికి పోయేవాడివట. అమ్మ చెప్పింది."

"అదీ నిజమేలే."

"ఇప్పుడుందా అది?"

"ఎక్కడిదే! తుక్కు కింద కోసేశారు. ఫోన్ పాప చెవి దగ్గర పెట్టు."

ఆయన మిషను ఆపి, గొంతు సవరించుకుని, పొట్టలోంచి అందుకున్నాడు.

"డుగుడుగు డుగుడుగు... డుగ్... డుగుడుగు..."

"మధ్యలో ఆ ఎక్కిళ్ళేంటి నాన్నా?"

"దాని నడకే అంత. డుగుడుగు డుగుడుగు... డుగ్..."

జాకెట్టు కోసం వచ్చినావిడ గుమ్మంలో నోరెళ్ళబెట్టినా ఆయన ఆపలేదు. చాలాసేపటికి అడిగాడు.

"ఏమ్మా, పడుకుందా?"

ఫోన్లో పాప ఊఁ ఊఁ అని కబుర్లు చెబుతోంది. ఆ వెనక కూతురి సన్నటి గురక వినబడింది.

"మా అమ్మాయిని లేపకేం తల్లీ," అని మనవరాలికి గుసగుసగా చెప్పి, ఆయన మళ్ళీ ఇంజిన్ అందుకున్నాడు.