ధింసాలోకి లాగే ఎలుగులు

అరకు ఇంటర్నెట్ షాపులో, భార్య పోయాక ఒంటరైన మాస్టారు పాత శిష్యురాలి పక్కన కూర్చున్నారు. ఆమె కంప్యూటర్‌లోని ఒక వేట ఆటలోకి సొంతంగా ఎలుగుబంట్లను చేర్చింది.

"మీదపడాల్సిన ఎలుగు వేటగాడి నడుం పట్టుకుంటుందేమిటమ్మా?"

"దాని నడక పాడైపోనాది మాస్టారూ. మా ఊరోళ్లు నడుములు పట్టుకుని ఆడే ధింసా డేన్సు అడుగులు తగిలించీసాను. ఇప్పుడు ఎవుల్ని సూసినా వరసలో కలిపీసుకుంటంది."

"వేటగాడు కాల్చడేం?"

"తుపాకీ ఏటితో పట్టుకుంటాడండి? రెండు సేతులూ ఎలుగుల నడుం మీదే ఉన్నాయి. సాయంత్రం కాలేజీలో సూపించాల. నవ్వి మార్కులు కోసేత్తారు."

"వేట ఆట అని చెప్పకు. ధింసా ఆట అని చెప్పు. ఎవరూ చావట్లేదు కదా."

"అయితే బాగుసెయ్యక్కర్లేదన్నమాట."

"ఆ చివరి ఎలుగు చెయ్యి చాపే ఉందే?"

"పక్కన మనిసి కోసం సూత్తంది."

మాస్టారు కుర్చీని తెర దగ్గరికి కాస్త జరుపుకున్నారు.