పొర పీకిన బావ

మూడు ఆన్‌లైన్ గేమ్ మ్యాచ్‌ల్లోనూ మధ్యలోనే ఆగిపోయిన కంప్యూటర్‌ను మెకానిక్ బావ విప్పుతుంటే, జట్టు నుంచి ఏ కబురొస్తుందోనని బావమరిది ఫోన్ గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు.

“ఆట మొదలైన పది నిమిషాలకే ఆరిపోతోంది బావా.”

“వేడెక్కి చస్తోంది. ఇదిగో, ఫ్యాను కింద ప్లాస్టిక్ పొర. బిగించే ముందే పీకెయ్యాలి.”

“పోయిన వారం బిగించింది నువ్వేగా. పొరపాటా?”

“పొర ఉంది గానీ పాటు లేదురా. ఇరవయ్యేళ్లుగా ఇదే పని నాకు.”

“మరి?”

“నా పెళ్లిలో నీ స్నేహితులందరికీ నన్ను స్క్రూడ్రైవర్ బావ అని చూపించావు. అందరూ నవ్వారు. మీ అక్క కూడా.”

ఫోన్ గుయ్యిమంది. బావమరిది చదివి తలొంచుకున్నాడు.

“నన్ను జట్టులోంచి తీసేశారు బావా.”

బావ పొర పీకి, ఫ్యాను బిగించి, మీట నొక్కాడు.

“ఇక ఎంతసేపైనా ఆడుకో. ఆగదు.”