బంటుమిల్లి తలుపు మీద చక్రాలు

"బంటుమిల్లి తలుపు సంగతేంటి తాతయ్యా" అని అడిగావు గదా అమ్మాయ్. ఆ కథ నాకు మొదట చెప్పింది గిలకలదిండి రేవులో ఐసు కొట్టే ఏసుబాబు. ఎవరి గురించి చెప్తున్నాడో పాపం వాడికి తెలీదు. బందరు వడ్రంగి ఎవడో ముసలోడంట మావయ్యా, గృహప్రవేశానికి టేకు తలుపు చేశాడంట, ఎండ పడేసరికి తలుపంతా నత్తలు పాకినట్టు చారలంట అని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను మరి? ఆ తలుపు చేసింది నేనే. అప్పటికి నాకు యాభై దాటి రెండేళ్లు, ముసలోణ్ణంట.

తలుపు నాదే, చారలు నావి కాదు. చారలు కోటేశ్వరరావువి. మా ఆవిడకి సొంత అన్న, నాకు బావ, గుడివాడలో పాలిష్ పనులు పట్టేవాడు. బంటుమిల్లిలో రొయ్యల చెరువులు కలిసొచ్చిన ఆసామి ఒకాయన మేడ కడుతూ, సింహద్వారం నాకిచ్చాడు. నెలన్నర కూర్చున్నా దాని మీద. చిత్రిక పట్టానంటే చెయ్యి జారిపోవాలి, అట్టా పట్టా. పాలిష్ మాత్రం కోటేశ్వరరావుకి ఇచ్చారు. అక్కడొచ్చింది తంటా.

అప్పుడే బెజవాడలో శాండర్ మిషను కొన్నాడు. బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు, పసిపిల్లాడిలాగా. గుండ్రటి పళ్లెం ఉంటుందిలే, దానికి ఉప్పుకాగితం అంటిస్తే గిర్రున తిరుగుతుంది. దుమ్ము పోకుండా మూతికి కండువా కట్టాడు, బానే ఉంది. కొసలు రెండూ బొడ్డుదాకా వేలాడదీశాడు. కట్టుకున్నది లుంగీ. కళ్లజోడు ఉంది, ఎక్కడ? నెత్తి మీద. ఇంకేముంది, పళ్లెం కండువా కొస పట్టుకుంది. మనిషి మెడతో సహా చెక్క మీదకి వంగిపోతున్నాడు. నేను పరిగెత్తి ప్లగ్గు పీకాను. లేచి, లుంగీ దులుపుకుని, ఆసామి వైపు తిరిగి ఏవన్నాడో తెలుసా?

"కరెంటు పోయిందండీ."

పోనీలే అనుకున్నా. కాగితం చూశాక మాత్రం ఉండబట్టలేదు. నాకు సంతకం తప్ప చదువు రాదు గానీ, ఉప్పుకాగితం వెనకాల నంబరు చదువుతా. నంబరు తక్కువైతే గరుకెక్కువ. ఈయన అంటించింది ముప్పై ఆరు. అది రేవులో పాత బోట్లకి పెచ్చులు కట్టిన రంగు గీకే కాగితం అమ్మాయ్. చిత్రిక పట్టిన టేకుకి నూట ఇరవైతో మొదలెట్టాలి, ఆ గీత పోయాకే నూట ఎనభై, అదీ పోయాక రెండొందల ఇరవై, ఆఖర్న మిషను పక్కన పెట్టి చేత్తో, చెక్క నార ఎటుంటే అటు. ఈయన ముప్పై ఆరు మీంచి ఒక్క దూకులో రెండొందల ఇరవైకి వెళ్లాడు. మధ్య కాగితాలు కొనలేదు. షీటు రెండో మూడో రూపాయలు... కాదు, మిషను కాగితం ఇంకాస్త ఎక్కువే, అయినా ఎంతని? పైగా ఒళ్లంతా వేసి నొక్కడం. మిషను బరువు చాలు దానికి, మనం పట్టుకుంటే చాలు. ప్లగ్గు తియ్యకుండానే కాగితం మార్చడం ఒకటి. వేళ్లు పదీ ఎట్టా మిగిలాయో.

నంబరు తప్పు బావా అన్నాను, మెల్లగానే. ఆయన గట్టిగా, ఆసామికి వినపడేట్టు, "మా బావ చేతిపని మనిషండీ. మిషను తిరిగితే ఆయనకి కళ్లు తిరుగుతాయి" అన్నాడు. అక్కడున్న తాపీవాళ్లు కూడా నవ్వారు. నాలుగ్గోడల మధ్య అన్నా మర్చిపోదును.

సాయంత్రం వాళ్లంతా టీకి వెళ్లారు. ఇదిగో, ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు. తడిగుడ్డ పెట్టి తలుపు తుడిచాను. చెక్క తడిస్తే దాచుకున్న గీతలన్నీ పైకొస్తాయి. వాలు ఎండలో తలుపు నిండా చక్రాలు, చక్రం మీద చక్రం. పాలిష్‌కి ఇంకా ఒక పగలుంది. నూట ఇరవై పెట్టి మళ్లీ లాగు బావా అంటే సరిపోను. లేదూ, ఆ పగలంతా నేనే కూర్చుని చేత్తో లాగినా పోయేవి. గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను. పడాలి, ఆసామి ముందే పడాలి వీడికి అనుకుని బస్సెక్కాను.

పాలిష్ పడింది, చక్రాలు తేలాయి. ఆసామి కోటేశ్వరరావు వంక చూడనే లేదమ్మా. నా వంక చూశాడు, ఏంటి మేస్త్రీ ఇది అని. తలుపు నాది గదా. పచ్చి చెక్క వాడితే అంతేనండీ అన్నాడు మా బావ, నా పక్కనే నిలబడి. నేనేమనాలి? మొన్ననే చూశానండీ అనాలా? ఆ తర్వాత అటువైపు నుంచి ఒక్క తలుపు రాలేదు నాకు.

కోటేశ్వరరావు పోయి మూడేళ్లయింది. ఆసామి ఉన్నాడు, తలుపూ ఉంది. నువ్వు రాయగలవు గనక రాయి. చెక్క పచ్చిది కాదు, ఏడాది ఆరిన టేకు. చక్రాలు పెట్టింది కోటేశ్వరరావు. చూసి నోరు మూసుకున్నది నేను. రాశావా? ఆ కాగితం పట్టుకుని బంటుమిల్లి వెళ్లి ఆయనకి చదివి వినిపించు. ఆఖర్న చెప్పానే, అది ముందు చదువు.