పర్లేదన్న సినిమా

(విజయవాడలో మళ్లీ వేసిన పాత హాలీవుడ్ సినిమా మధ్యాహ్నం ఆట చూసి బందరు తిరిగొస్తున్న భార్యాభర్తలు. కారు పామర్రు దాటింది.)

"మళ్లీ చెప్పండి."

"పర్లేదన్నాను కదా భాగ్యం. బానే ఉంది."

"పర్లేదా? పెళ్లైన దగ్గర్నుంచీ అలాంటి పాటల సినిమా హాలీవుడ్ వాళ్లే మళ్లీ తీయలేకపోయారని నన్ను ఊదరగొట్టారు. ఇప్పుడు పర్లేదా?"

"పాతబడింది. పాటలు మరీ సాగదీశాడు."

"లహరికి ఏం చెప్పను? నాన్న పుట్టినరోజని హైదరాబాద్‌లో కూర్చుని టికెట్లు బుక్ చేసింది పిల్ల. నాన్న ఏడ్చాడా అని అడుగుద్ది."

"హాల్లో ఏసీ ఎక్కువైందని చెప్పు."

"మాట మార్చకండి. అందరూ చప్పట్లు కొడుతుంటే మీరు ముఖం మాడ్చుకుని కూర్చున్నారు."

"తలనొప్పిగా ఉంది."

"ఇందాక సమోసా తిన్నప్పుడు లేదే. సరే, పడవ మీద పాటేది?"

"ఏ పడవ?"

"ఏ పడవేంటి? పెళ్లైన కొత్తలో కథంతా చెప్పారు నాకు. హీరో వెన్నెల్లో పడవేసుకుని పాడుకుంటూ పోతాడన్నారు. మొత్తం చూశాను. పడవ కాదు కదా, కాలవ కూడా లేదు."

"కత్తిరించుంటారు."

"ఒక్క ముక్క పోకుండా బాగుచేసి వేస్తున్నామని బయట బోర్డు పెట్టారు. చదివాను."

"అయితే నేనే పొరపాటుపడ్డానేమో."

"పాటలన్నీ గుర్తుండి, పడవ దగ్గరే పొరపాటుపడ్డారా? ఏవండీ, నిజం చెప్పండి. ఆ రోజు తెర చూశారా, పక్క సీటు చూశారా?"

"ఏం మాటలవి."

"ఎవరితో వెళ్లారు?"

"ఎవరితోనూ వెళ్లలేదు."

"ఒక్కరే వెళ్లారా?"

"ముందు లారీ ఉంది భాగ్యం. నన్ను నడపనీ."

"లారీ వెళ్లిపోయింది. ఎవరామె? ఈ వయసులో నేనేం గొడవ చేయను. పేరు చెప్పండి, చాలు."

"రాజన్నయ్య."

"ఉప్పెనలో పోయిన బావగారా? ఆయన ఊసెత్తితేనే లేచి వెళ్లిపోతారు మీరు. ఆయనతో వెళ్లారా?"

"అన్నయ్య ఒక్కడే వెళ్లాడు. నాగాయలంక నుంచి బందరు, బస్సులో. నేను కామెర్లొచ్చి మంచం మీదున్నాను. నన్ను తీసుకెళ్లలేదని అలిగి అన్నం మానేశాను. రాగానే మంచం పక్కన కూర్చుని సినిమా మొత్తం చెప్పాడు. పాటలు కూడా పాడాడు, తనకొచ్చిన ఇంగ్లీషులో. రోజూ మళ్లీ చెప్పమనేవాణ్ణి. విసుక్కోకుండా చెప్పేవాడు."

"అంటే మీరు..."

"నేను చూడలేదు. ఇవాళే చూడ్డం."

"ఇన్నేళ్లూ చూశాననే చెప్పారుగా."

"చూసినట్టే ఉండేది."

"టీవీలో వచ్చినప్పుడైనా..."

"చూడబుద్ధయ్యేది కాదు. ఆ ఏడు కార్తీకంలోనే కదా ఉప్పెనొచ్చింది. నన్ను భుజానేసుకుని పక్కింటివాళ్ల డాబా ఎక్కించాడు. గేదెల పలుపులు విప్పొస్తానని దిగాడు."

"కారు పక్కన ఆపండి."

"నడుపుతాలే."

"ఆపండి. ఇదిగో, నీళ్లు తాగండి. నేనేదో పిచ్చిగా అన్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి నాకు చెప్పుండొచ్చుగా."

"చెప్తే, సినిమా చూసినవాడు వేరని తేలిపోద్ది. తేలితే, వాడు లేడనీ తేలిపోద్ది."

"ఆ పడవ పాట ఆయన కల్పించిందేనా?"

"అయ్యుంటుంది. సగం అన్నయ్య కల్పనే అనుకుంటా."

"పోనీలెండి. సినిమా అంత బాగాలేకపోతే ఏమైంది, ఆయన బాగా చెప్పారు."

"అది కాదు భాగ్యం. అన్నయ్య చెప్పినదాంట్లో హీరోకి ఒక తమ్ముడున్నాడు. జబ్బుపడి లేచొచ్చి, చివరి పాటలో అందరికంటే బాగా డాన్సు చేస్తాడు. వాడెప్పుడొస్తాడా అని చివరిదాకా కూర్చున్నాను. అసలు ఆ సినిమాలో తమ్ముడే లేడు."