చాప పరిచిన డాక్టరుగారు

1951వ సంవత్సరం జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం, డాక్టర్ వరప్రసాదరావుగారు నందిగామలోని మన వైద్యశాలలో ఎముకల శస్త్రవైద్యులుగా బాధ్యతలు స్వీకరించారు. మద్రాసులో ఉన్నత విద్య పూర్తిచేసి, అక్కడే పెద్ద ఉద్యోగంలో స్థిరపడే అవకాశం ఉండి కూడా, స్వస్థలమైన జగ్గయ్యపేటకు దగ్గరగా ఉండాలన్న ఒకే కోరికతో వారు ఇక్కడికి వచ్చారు. స్త్రీల వార్డు చూసుకుంటూ, ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చే పనిని కూడా నెత్తిన వేసుకొని ఉన్న నేను, వచ్చినవారు సమర్థులో కాదో తెలియకముందే కోపిష్ఠి అని మాత్రం తెలుసుకున్నాను. మొదటి రోజే, ఆపరేషన్ బల్ల కాళ్లు సమంగా లేవని వడ్రంగిని పిలిపించి, అతని చేతిలోని బాడిస తీసుకొని తామే చెక్కడం మొదలుపెట్టారు. ఎముకల డాక్టరుకీ వడ్రంగికీ పెద్ద తేడా లేదని మా సిబ్బంది ఆనాడే ఒక నిర్ణయానికి వచ్చారు.

ఈ సంచికకు వారి గురించి రాయమని సన్మాన సంఘంవారు కోరినప్పుడు, మర్యాదకొద్దీ ముందుగా వారి అనుమతి అడిగాను. "పొగడ్తలు మీ ఇష్టమండి. చెవిటికల్లు లూర్దమ్మ సంగతి మాత్రం, మొదట నేను చేసిన పొరపాటుతో సహా రాయాలి. అది రాయకపోతే తక్కినదేదీ రాయొద్దు" అన్నారు. కలిసి పనిచేసిన ఈ పద్దెనిమిదేళ్లలో వారి మాట కాదని నేను నెగ్గిన సందర్భం ఒక్కటీ లేదు కనుక, ఇప్పుడూ వారు చెప్పినట్టే రాస్తున్నాను.

ఆ రోజుల్లో కంచికచర్ల మొదలు జగ్గయ్యపేట వరకు ఉన్న మెట్ట గ్రామాలలో కాలో చెయ్యో విరిగితే వెదురుబద్దల కట్టు, కీళ్లకు క్షయ సోకితే కుక్కిమంచం, అంతకు మించి దిక్కు ఉండేది కాదు. క్షయకు కొత్తగా వచ్చిన మందుల అండతో, పాడైన కీలును కదలకుండా బిగించి, రెండు ఎముకలను ఒకటిగా అతికించే శస్త్రచికిత్సను డాక్టరుగారు ఇక్కడ ప్రారంభించారు. కదలని కీలు నొప్పి పెట్టదు, బరువుకు లొంగదు. గ్రంథాలన్నీ మెచ్చుకున్న పద్ధతి అది. 1953లో శాంతయ్య అనే వ్యవసాయ కూలీ తన భార్య లూర్దమ్మను మంచంతో సహా ఎడ్లబండి మీద తెచ్చినప్పుడు, ఆమె తుంటి కీలుకు వారు ఆ చికిత్సే చేశారు. నెలల తరబడి ఛాతీ నుంచి పాదం దాకా పిండికట్టులో ఉన్న ఆ యువతి, చివరికి ఎవరి సాయమూ లేకుండా నడిచివెళ్లి బస్సెక్కింది. ఆమె ఎక్స్‌రేను డాక్టరుగారు వచ్చినవారికల్లా పెళ్లిఫొటో చూపించినంత ముచ్చటగా చూపించేవారు.

1955 వేసవిలో కలరా సూదులు వేయడానికి మేమిద్దరం చెవిటికల్లు వెళ్లాం. మధ్యాహ్నం శాంతయ్య దంపతులు మమ్మల్ని ఇంటికి తీసుకువెళ్లి చాప పరిచారు. లూర్దమ్మ అత్తగారు వడ్డించింది. తమతోపాటు తినవలసిందేనని డాక్టరుగారు పట్టుబడితే, లూర్దమ్మ కంచం తెచ్చుకొని పిట్టగోడ మీద పెట్టుకొంది.

"ఇట్లా వచ్చి కూర్చోమ్మా" అన్నారు డాక్టరుగారు.

"ఎట్టా కూర్చోనండి, కాలు వంగదు గదండి" అని ఆమె నవ్వింది. "నొప్పి మాత్రం అసల్లేదండి. మీ దయండి."

"మరి ఇన్నాళ్లూ అన్నం?"

"నిలబడే తింటన్నానండి. అలవాటైపోయింది."

శాంతయ్య కడుపులో మాట దాచుకోలేకపోయాడు. "పొయ్యికాడ కూర్చోలేదండి. మిరపకాయల్లో తాలు ఏరటానికి దీన్ని ఎవురూ పిలవట్లేదండి. గుళ్లో అందరూ మోకాళ్లూనితే ఇదొక్కతే నిలబడి ఉంటదండి" అన్నాడు.

"ఊరుకో, డాక్టరుగారు అన్నం తింటన్నారు" అని లూర్దమ్మ మందలించింది. డాక్టరుగారు కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. తెల్లవారుజామున చేలోకి వెళ్లినప్పుడు కూడా అత్తగారు తనను రెండు చేతులా పట్టుకొని నిలవవలసి వస్తోందని, సిగ్గుతో చచ్చిపోతున్నానని, లూర్దమ్మ పెరట్లో నాకు విడిగా చెప్పింది. తిరుగు ప్రయాణంలో ఆ మాట నేను డాక్టరుగారికి చెప్పాను.

మేము కీసర దాటాం. తరువాత, "భారతీదేవిగారూ, అది కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం కనిపెట్టిన ఆపరేషను. మనం చదివిన పుస్తకాలన్నీ కుర్చీలున్న దేశాల్లో రాసినవి. వాళ్లింట్లో కుర్చీ ఉందా అని నేను అడగనేలేదు" అన్నారు. ఆ వారమంతా వారు కంచం కిటికీలో పెట్టుకొని నిలబడే భోజనం చేశారని, ఇదేం చోద్యమో తెలియక ఇంటిల్లిపాదీ హడలిపోయామని శ్రీమతి ప్రమీలారాణిగారు నాకు చాలాకాలం తరువాత చెప్పారు.

వారి గదిలో రోగి కూర్చునే స్టూలు మాయమై, దాని స్థానంలో తుంగచాప వెలసింది అప్పుడే. కీళ్ల జబ్బుతో ఎవరు వచ్చినా నాడి చూడకముందే, "ఇంట్లో ఎట్లా కూర్చుంటారో కూర్చుని చూపించండి" అనేవారు. చూపించలేనివారికి తామే చాప మీద కూర్చొని చూపించేవారు. జగ్గయ్యపేట వస్త్రవ్యాపారి అల్లాబక్ష్‌గారు, "నడక కుంటైనా పర్లేదండి, నమాజుకు మోకాలు వంగితే చాలండి" అన్నప్పుడు, బిగించే ఆలోచన మానుకొని, ఓర్పుతో వ్యాయామం చేయించి ఆ మోకాలిని వంచుకొచ్చారు. బస్తాలు మోసే హమాలీకి మాత్రం బిగింపే మేలని నచ్చజెప్పి పంపేవారు. మనిషి బతుకును బట్టి చికిత్స ఉండాలన్నది వారి సిద్ధాంతం. తుంటి పాడైనవారిలో కొందరికి ఎముక తలను తొలగించి, ఆ ఖాళీలో కండ చేరి కదిలేటట్లు చేసే పద్ధతిని వారు చేపట్టారు. దానివల్ల కాలు కొంత పొట్టిదవుతుంది, నడకలో కుంటు వస్తుంది. కానీ మనిషి నేల మీద కూర్చోగలుగుతాడు. మన వైద్యశాల చూడవచ్చిన ఒక పెద్ద డాక్టరుగారు అలా చేసిన ఒక తుంటి ఎక్స్‌రే చూసి, సగంలో వదిలేసిన పనిలా ఉందని పెదవి విరిచారు. మనవారు కోపం దిగమింగుకొని, ఆయనను వరండాలోకి తీసుకువెళ్లి, బాసింపట్టు వేసుకొని అన్నం తింటున్న రోగిని చూపించారు.

ఈ వార్త చెవిటికల్లు చేరింది. 1958లో లూర్దమ్మ వచ్చి, "నాది విప్పండయ్యగారూ" అని అడిగింది. అతికిన ఎముకను మళ్లీ కోస్తే ఉన్న నడక పోవచ్చు, అణగిన క్షయ తిరిగి లేవవచ్చు. డాక్టరుగారు కుదరదని పంపించారు. ఆమె మళ్లీ వచ్చింది, మళ్లీ పంపించారు. మూడోసారి బిడ్డను చంకనేసుకొని వచ్చింది. ఆ బిడ్డ ఆరోగ్యమ్మ. బిగుసుకుపోయిన తుంటితో తల్లి పడిన ప్రసవవేదన చూసినదాన్ని, నా చేతులతోనే పురుడు పోసినదాన్ని గనుక, నేనూ ఆమె పక్కనే నిలబడ్డాను.

"ఒకసారి పొరపాటు చేశానమ్మా. రెండోసారి నాకు ధైర్యం లేదు" అన్నారు వారు.

"మీరేం పొరపాటు చెయ్యలేదండి. మంచంలో ఉన్నదాన్ని నిలబెట్టారు. ఇప్పుడు కూర్చోబెట్టండి. పిల్లని పెట్టుకోటానికి నాకు ఒడి లేదండి."

వారు నా వంక చూశారు. నేను మత్తుకు సిద్ధమేనన్నాను.

ఏ ఆపరేషన్‌లోనైనా మత్తు చాలదనో ఎక్కువైందనో నన్ను నాలుగు మాటలు అననిదే వారికి చెయ్యి ఆడదు. ఆనాడు ఒక్క మాట అనలేదు. తిట్టనందుకు నాకు మరింత భయం వేసింది. తరువాత కాలికి బరువు కట్టి ఉంచిన ఆ వారాలు, జ్వరం కాస్త తగిలినా క్షయ తిరగబెట్టిందేమోనని మేము బెంబేలెత్తిన రోజులు, ఊతకర్రతో పడుతూ లేస్తూ ఆమె నేర్చుకొన్న నడక, వీటన్నిటినీ ఇక్కడ వివరించబోను. ఒక ఉదయం నేను వార్డుకు వస్తుంటే, వరండాలో చాప మీద లూర్దమ్మ కూర్చొని ఉంది. ఒళ్లో కూతురు ఉంది. ఆ బిడ్డకు పెరుగన్నం తినిపిస్తోంది.

నా వెనకే వచ్చిన డాక్టరుగారు అది చూసి, పలకరించకుండానే తమ గదిలోకి వెళ్లిపోయారు. ఇంత మొండిమనిషి ఏమిటని నాకు ఒళ్లు మండింది. మరుక్షణమే టిఫిన్ క్యారియర్ పట్టుకొని వచ్చి, ఆమె పక్కన నేల మీద చతికిలబడి, మధ్యాహ్నానికి ఇంటినుంచి పంపిన అన్నం పొద్దున్నే తినసాగారు. వారి కళ్లనుంచి నీళ్లు కారి అన్నంలో పడుతున్నా తుడుచుకోలేదు. మా అందరికీ కళ్లు చెమర్చాయి. భోజనమయ్యాక లేవబోతే వారి మోకాళ్లే మొరాయించాయి. లూర్దమ్మ బిడ్డను నాకిచ్చి, కర్ర ఊతంతో తాను లేచి, "నా చెయ్యి పట్టుకోండయ్యగారూ" అంటూ వారిని లేపింది.

ఈ జూన్ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. జగ్గయ్యపేటలోని స్వగృహపు అరుగు మీద రోగులను చూస్తామని, చాపలు అప్పుడే కొన్నామని ప్రకటించి, విశ్రాంతి గురించి మేము చేసిన హితబోధలన్నిటినీ కొట్టిపారేశారు. సన్మానపు విందుకు సంఘంవారు బల్లలు, కుర్చీలు మాట్లాడివస్తే, అవి వద్దని నేల మీదే పంక్తి వేయమన్నారు. శాంతయ్య, ఆరోగ్యమ్మలతో కలిసి వస్తున్నానని, డాక్టరుగారి పక్క విస్తరి తనకే ఉంచమని లూర్దమ్మ కబురు పంపింది.

మా వరప్రసాదరావుగారికి భగవంతుడు నిండైన ఆరోగ్యాన్ని, నిదానమైన కోపాన్ని ప్రసాదించాలని, ప్రమీలారాణిగారితో కలిసి మనుమలను ఒళ్లో ఆడిస్తూ వారు నూరేళ్లు చల్లగా ఉండాలని, ఇన్ని కీళ్లచేత మాట వినిపించుకొన్న వారి మాటను వారి మోకాళ్లు ఇకనైనా వినాలని మనసారా కోరుకుంటున్నాను. వినకపోయినా బెంగ లేదు. విందు ముగిసి లేచే వేళకు చెయ్యి అందించడానికి లూర్దమ్మ పక్కనే ఉంటుంది.

— డాక్టర్ భారతీదేవి
స్త్రీల వైద్య విభాగం