లోపం సెట్టులో లేదు

వదినకు, అన్న ఇంటివాళ్ళందరికీ, బైండింగు షాపు వీధి నుంచి వచ్చిన పెద్దలకు, మన ఒంటి వాల్వు సంఘం మిత్రులకు నమస్కారం. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి రండి. గోడవారగా బల్లలు వేశాం, సర్దుకుని కూర్చోండి. మా సంఘంలో ఉన్నది తొమ్మిదిమందిమి. ఇప్పుడు ఎనిమిదిమందిమి. ఓ ఇరవై కుర్చీలు చాలనుకున్నాం. పక్క బడి నుంచి బల్లలు మోసుకురావాల్సి వచ్చింది. అన్నా, చూశావా, నీకోసం ఎంతమంది వచ్చారో!

అన్న పోయి పద్దెనిమిది రోజులైంది. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. పొద్దున్నే షాపు తాళం తీస్తూ, ఈ ఆదివారం అన్నకు ఫలానాది చూపించాలి అనుకుంటాను. అనుకున్నాక గుర్తొస్తుంది. అప్పుడిక చెయ్యి ఆడదు.

నేనెవరో తెలియనివాళ్ళకు చెప్తాను. నాది రేడియోలు బాగుచేసే షాపు. అందరూ మెకానిక్కు అంటారు. కోపమెక్కువ, నోరు పెద్దది. ఆ రెండూ మావాళ్ళకు బాగా తెలుసు. అన్న పుస్తకాలకు బైండింగు చేసేవాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. తోడబుట్టినవాడు కాడు. అయినా ఇరవై రెండేళ్ళు ప్రతి ఆదివారం పక్కపక్కన కూర్చున్నవాణ్ణి అన్న అనక ఏమంటాను?

ఇంతకీ ఆ ఆదివారాల్లో మేం ఏం చేసేవాళ్ళం? ఇందాక ఈ మైకు కుయ్యిమంది, అందరూ చెవులు మూసుకున్నారు. స్పీకరులోంచి వచ్చిన చప్పుడు మళ్ళీ మైకులో దూరి, మళ్ళీ స్పీకరులోకి వెళ్ళి, అలా పెరిగి పెరిగి కూత పెడుతుంది. మా సెట్టుదీ అదే పద్ధతి. ఉండేది ఒకే ఒక్క వాల్వు, ఇంత గాజు బుడ్డి. గాలిలోంచి వచ్చిన సన్నటి చప్పుడును వాల్వు కాస్త పెద్దది చేస్తే, దాన్ని ఓ తీగచుట్ట గుండా వెనక్కి తిప్పి మళ్ళీ అదే వాల్వుకు అందిస్తాం. నాబు తక్కువ తిప్పితే ఏమీ వినపడదు. ఎక్కువ తిప్పితే కూత. కూతకు వెంట్రుకవాసి ఇవతల మాత్రం, ఎక్కడో సముద్రాల అవతల మాట్లాడే మనిషి గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఆ వెంట్రుకవాసి కోసమే మా తిప్పలన్నీ.

కొట్లో కొనుక్కుంటే హాయిగా మోగే రేడియో వస్తుంది కదా, ఇదేం పిచ్చి అంటారా? మా ఇంట్లోనూ అదే అంటారు. పిచ్చే. కాదన్నదెవరు?

ఆ పిచ్చిలో అన్న అందరికంటే పైమెట్టు. తీగ చుట్టడం చూడాలి ఆయనది! పుస్తకం కుట్టే చెయ్యి కదా, ఒక చుట్టు పక్కన ఒక చుట్టు, మధ్యలో గోరు దూరేంత సందు ఉండేది కాదు. తొంభై చుట్లు చుట్టాక ఎవరైనా పలకరించి లెక్క తప్పించారనుకోండి, మొత్తం విప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నాకు ఒళ్ళు మండేది. "అన్నా, ఒక చుట్టు అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు, ఎవడికి తెలుస్తుంది?" అని అరిచేవాణ్ణి. "నాకు తెలుస్తుంది కదరా" అనేవాడు. ఆ చేతుల్ని చూసి నేను ఎంత కుళ్ళుకున్నానో ఇవ్వాళ చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఇంకో సంగతి. ఈ సెట్లకు ఒక జబ్బుంది. కూత పెట్టాయంటే చుట్టుపక్కల ఇళ్ళ రేడియోల్లోనూ అది వినపడుతుంది. ఒకరోజు సాయంత్రం అన్న సెట్టు కూతకు, ఎదురింట్లో ఆట కామెంటరీ వింటున్న పెద్దాయన సరిగ్గా ఆఖరి నిమిషంలో ఎవరు గెలిచారో వినలేకపోయాడు. ఆయన ఇక్కడే ఉన్నాడు, అదిగో నవ్వుతున్నాడు. ఆరోజు నవ్వలేదు లెండి. చెప్పు చేతబట్టుకునే వచ్చాడు. అదే నేనైతే వీధి ఏకమయ్యేలా పోట్లాడేవాణ్ణి. అన్న ఏం చేశాడు? మర్నాడు ఆ వరసలో పదకొండు ఇళ్ళకూ వెళ్ళాడు. ఏ రోజు, ఏ గంటకు, ఏం వింటారు అని ఒక్కొక్కరినీ అడిగాడు. అదంతా అట్టముక్క మీద రాసి సెట్టు పక్కన గోడకు అంటించుకున్నాడు. ఆ వేళల్లో ఆయన నాబు మీద చెయ్యి వేయగా ఎవరూ చూడలేదు. ఆ వీధిలో చాలామందికి ఆయన స్నేహితుడైంది అలాగే.

ఇక్కడితో ఆపేసి, మహా మంచివాడు, మనకు దొరకడు అని కన్నీళ్ళు పెట్టుకుని కూర్చుంటే సభ సవ్యంగా జరిగిపోయినట్టే. కానీ నేను ఈ మైకు అడిగి తీసుకున్నది అందుకు కాదు. నేనొక మాట చెప్పాలి. వదిన ముందే చెప్పాలి, మీ అందరి ముందే చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

పోయిన ఏడాది వానలు మొదలైన నెలలో ఒక ఆదివారం. అన్న స్టేషను పట్టుకుంటున్నాడు. పట్టేటప్పుడు సన్నగా ఈల వస్తుంది, అది మాకు మామూలే. ఆరోజు ఆ ఈల నిలకడగా లేదు. మేకపిల్ల అరిచినట్టు వణుకుతోంది. హెడ్‌ఫోన్లు చేతులు మారుతూ అందరం విన్నాం. అందరం ఒకటే అన్నాం, సెట్టులో ఏదో వదులైంది అని.

చూడండి, ఇదీ మా బతుకు. ఎక్కడ ఏ చప్పుడు తేడాగా వచ్చినా సెట్టునే అనుమానిస్తాం. దాన్ని తిప్పుతున్న మనిషివైపు చూడం. తొమ్మిదిమందిలో ఒక్కడంటే ఒక్కడు చూశాడా? చూడలేదు. అందరికంటే నేను అసలు చూడలేదు. ఎందుకంటే నేను మెకానిక్కుని. ముప్ఫై ఏళ్ళలో నా చేతికొచ్చిన ఏ లోపమూ నన్ను తప్పించుకుపోలేదని నా పొగరు.

సెట్టు షాపుకు తెచ్చుకున్నాను. నేను తిప్పితే ఈల నిలకడగా వచ్చింది. వణుకు లేదు. మూడు రోజులు చూశాను, లేదు. తిరిగి ఇచ్చాను. అన్న తిప్పాడు, మళ్ళీ వణుకు. నేను తిప్పితే బాగుంది, ఆయన తిప్పితే వణుకుతోంది. ఇంతకంటే విడమరిచి ఎవరు చెప్పాలి? పసిపిల్లలకైనా అర్థం కావాలి కదా? నేనేమన్నానో తెలుసా? "మెకానిక్కుని చూస్తే దీనికి భయమన్నా" అన్నాను. అందరం పడీపడీ నవ్వాం. అన్న కూడా నవ్వాడు.

వాల్వు మార్చాను. కండెన్సరు మార్చాను. పాత టంకాలన్నీ ఊడదీసి మళ్ళీ వేశాను. ఈ సెట్లకు చెయ్యి దగ్గరికొస్తే చాలు, స్టేషను జరుగుతుంది. చెయ్యి దూరంగా ఉండాలని నాబుకు జానెడు కర్ర బిగించాను. వణుకు ఇంకా పెరిగింది. అప్పుడూ నాకు వెలగలేదు. ఎర్తు తీగ భూమిలోకి సరిగా దిగలేదేమోనని పెరట్లో గొయ్యి తవ్వడానికి పలుగు భుజాన వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

మధ్యాహ్నం పూట. వదిన బట్టలు కుడతారని మీలో చాలామందికి తెలుసు. మిషను మీంచి లేచి పెరట్లోకి వచ్చారు. గొంతు తగ్గించి అన్నారు, "ఏమయ్యా, రేడియో సంగతి తర్వాత. మీ అన్న చెయ్యి వణుకుతోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది ఆయనే. నిన్న నాలుగుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టేశారు. ఊరికే కూర్చుంటే ఏమీ ఉండదు, సన్నపని మీద చెయ్యి పెడితేనే వణుకు. డాక్టరుకు చూపిద్దాం. నేను చెప్తే కొట్టిపారేస్తున్నారు. నువ్వు చెప్తే వింటారు."

నువ్వు చెప్తే వింటారు. అవును, వినేవాడే.

నేనేమన్నాను? అక్షరం పొల్లుపోకుండా చెప్తాను, ఎందుకంటే రోజుకు వందసార్లు నా చెవుల్లో అదే మోగుతోంది. "భలేవారే వదినా! సూదిలో దారం నాకూ ఎక్కదు. కళ్ళజోడు మార్పించండి. వణుకు చేతిలో లేదు, సెట్టులో ఉంది. వచ్చే ఆదివారానికి పట్టుకుంటాను చూడండి." లోపలి గదిలోంచి అన్న విన్నాడు. "విన్నావా, మెకానిక్కే చెప్పాడు" అని కేకేశాడు. ఆ గొంతులో ఎంత సంబరమో! వదిన నా చేతికి మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

వచ్చే ఆదివారం అన్నాను. ఎనిమిది నెలలైనా పట్టుకోలేదు. ఎనిమిది నెలలు ఆ సెట్టును విప్పాను, బిగించాను, విప్పాను, బిగించాను.

ఆ తర్వాత ఒకరోజు అన్న షాపులో నడుస్తూ నడుస్తూ ఒక పక్కకు ఒరిగి కాగితాల కట్టల మీద పడిపోయాడు. ఆసుపత్రికి వదినతో పాటు నేనూ వెళ్ళాను. డాక్టరు చిన్న వయసావిడ. తన వేలు ఎదురుగా పెట్టి, "ముందు మీ ముక్కు ముట్టుకోండి, తర్వాత నా వేలు ముట్టుకోండి" అంది. అన్న ముక్కు ముట్టుకున్నాడు. చెయ్యి చాచాడు. ఆవిడ వేలు దగ్గరికి వచ్చేసరికి అన్న వేలు అటూ ఇటూ ఊగడం మొదలైంది. దగ్గరయ్యేకొద్దీ ఎక్కువైంది.

ఆ ఊపు నాకు తెలుసు. అదే వేగం, అదే వరస. ఎనిమిది నెలలుగా దాన్ని చెవులతో విన్నాను. అప్పుడు కళ్ళతో చూశాను. గోడ పట్టుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని డాక్టరమ్మ అడిగింది. వదిన నెల చెప్పారు, తేదీ చెప్పారు. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగింది. వదిన నా వైపు చూడలేదు. ఇదిగో వీడికి చెప్పాను, వీడు వద్దన్నాడు అని అనలేదు. తల దించుకుని, "ఆలస్యమైందమ్మా" అన్నారు. నా తప్పును తన తప్పన్నట్టు ఒప్పుకున్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు పెద్దది అన్నాను కదా, ఆరోజు ఆ నోరు పెగల్లేదు.

మెదడులో గడ్డ. చిన్నగా ఉన్నప్పుడు వచ్చుంటే తీసెయ్యగలిగే చోటే, ఇప్పుడు బాగా పాకింది అన్నారు. ముందే వచ్చుంటే బతికేవాడా అని నేను ఆ డాక్టరమ్మను వరండాలో ఆపి అడిగాను. "చెప్పలేం. అవకాశం మాత్రం ఉండేది" అంది. ఉండేది. ఆ ఒక్క మాటతోనే నేను పడుకుంటున్నాను, ఆ ఒక్క మాటతోనే లేస్తున్నాను.

ఆఖరి నెల అన్న మంచం మీద ఉన్నాడు. రోజూ సెట్టు తీసుకెళ్ళేవాణ్ణి. నేను తిప్పేవాణ్ణి. హెడ్‌ఫోను ఒక చెవిది ఆయనకు, ఒక చెవిది నాకు. ఒకరోజు నేను ఏడుస్తుంటే ఆయనే నన్ను ఓదార్చాడు. "ఒరే, నువ్వు సెట్టుదే తప్పు అన్నావు కాబట్టి ఎనిమిది నెలలు నేను భయం లేకుండా నిద్రపోయానురా. లోపల నాకూ అనుమానమే. నువ్వు కాదంటే బాగుండుననుకున్నాను. నువ్వు కాదన్నావు" అన్నాడు. ఆయన అలా అనగలడు. అది ఆయన మంచితనం, నా గొప్ప కాదు.

మిత్రులారా, ఆయన నన్ను క్షమించి వెళ్ళాడు. కానీ నేను కొట్టిపారేసింది ఆయన మాటను కాదు, వదిన మాటను. ఇంట్లో మనిషి, ఇరవై ఏడేళ్ళు ఆ చెయ్యి పక్కన కూర్చుని బట్టలు కుట్టిన మనిషి, తన కళ్ళతో చూసి చెప్పింది. నేను పలుగు భుజాన వేసుకుని, నీకేం తెలుసన్నట్టు మాట్లాడాను. ఆమె ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. పద్దెనిమిది రోజులుగా పరామర్శకు వచ్చినవాళ్ళు, "ముందే చూపించాల్సిందమ్మా" అని ఆమెనే అంటున్నారు. నా ఎదురుగానే అన్నారు. ఆమె మాట పడ్డారు. ఇక పడకూడదు. వీధి పెద్దలకు చెప్తున్నాను, సంఘం వాళ్ళకు చెప్తున్నాను. ఆమె ముందే చెప్పారు. విననిది నేను. ఇక మీదట ఆ మాట అనాలనుకున్నవాళ్ళు మా షాపుకు వచ్చి నన్ను అనండి.

వదినా, మీరు చెప్పింది నిజం. లోపం సెట్టులో లేదు. పెరట్లో ఆరోజే చెప్పాల్సిన మాట, ఇప్పుడు, ఆయన లేనప్పుడు చెప్తున్నాను. నన్ను క్షమించండి. ఇవ్వాళే జవాబు చెప్పక్కర్లేదు. ఎప్పటికీ చెప్పకపోయినా మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఇక అందరూ లేవండి. ఆ ఫ్యాను ఆపండి ఎవరైనా. అన్న కోసం రెండు నిమిషాలు మాటా పలుకూ లేకుండా నిలబడదాం.

వద్దు వదినా, మీరు లేవకండి. కూర్చోండి. మీ ముందు మేం నిలబడతాం.