సువార్తమ్మ చెప్పుల మీద మెతుకులు

పొద్దున్న సరిగ్గా ఆరూ పది. సువార్తమ్మ కుళాయి దగ్గర నిలబడి పళ్ళు తోముకుంటా ఉందంట. టైము ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత పాస్టరు అయ్యగారి ముందు ఆవిడ చేతి గడియారం చూపించి మరీ అదే మాట చెప్పింది, ఆరూ పది అని. ఆ కుళాయి మన కొత్తలంక కుళాయి కాదర్రా. మలేషియా దేశంలో, సముద్రం అవతల, సారవాక్ అని ఒక సీమ ఉందంట. అక్కడ ఇబాన్లని ఒక జనం. వాళ్ళు ఊరికి ఊరు ఒకే కప్పు కింద ఉంటారంట. మన పేటలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అంటించేసి, అన్నిటికీ కలిపి ఒకటే వసారా దించేశామనుకో, కింద గుంజలు పాతి మొత్తాన్ని మనిషెత్తున లేపేశామనుకో, అదీ వాళ్ళ ఊరు. ముందు ఏరు. ఆ వసారా కొసన నిచ్చెన దగ్గర అందరి చెప్పులూ విడుస్తారు. సువార్తమ్మ నోట్లో బ్రష్షు పెట్టుకుని అటు చూసేసరికి ఏమైందంటే, ఆ చెప్పుల దగ్గర మిందు అనే ముసలామె గొంతుక్కూర్చుని ఉందంట. ఒక చేతిలో అన్నం గిన్నె. రెండో చేత్తో గిన్నెలో వేలు పెట్టింది, రెండు మెతుకులు తీసింది, పెదాలకు ఆనించుకుంది, తర్వాత మెల్లిగా సువార్తమ్మ చెప్పుల మీద రాసింది. ఇంకెవరి చెప్పుల మీదా కాదు, ఆవిడ చెప్పుల మీదే. రాసి, అటూ ఇటూ చూసి, లోపలికి వెళ్ళిపోయింది. ఇంక చెప్పాలా, సువార్తమ్మకి నోట్లో నురగ నోట్లోనే ఉండిపోయింది.

అసలే అనుమానం మనిషి ఆవిడ. మీలో ఎరిగినవాళ్ళు ఉన్నారు గదా, పాలవాడి చెంబులో వేలు ముంచి చూసి గాని పోయించుకోదు. చుట్టాలొచ్చి వెళితే చెంబులు సరిచూసుకుంటది. అలాంటిదానికి చెప్పుల మీద మెతుకులు కనపడితే ఏమనుకుంటది? మనూళ్ళో అయితే ఏమనుకుంటాం? చేతబడి అనుకుంటాం. నువ్వు నవ్వకే సరోజినీ, మొన్న నీ గుమ్మంలో నిమ్మకాయ కనపడితే ఎంత గోల చేశావో మాకు తెలుసు.

సరే, ఈవిడ అంత దూరం ఎందుకెళ్ళిందీ అంటారా? జ్ఞానానందం అయ్యగారు తీసుకెళ్ళాడు. ఆయన స్వస్థత పరిచర్య అయ్యగారు. రోగుల మీద చేతులుంచి ఎలా ప్రార్థన చెయ్యాలో దేశాలు తిరిగి నేర్పుతాడు. ఈ ఇబాన్లలో క్రైస్తవ సంఘం ఉంది, వాళ్ళు పిలిపించుకున్నారు. సువార్తమ్మకి ఒకప్పుడు కడుపులో గడ్డ ఉండేది, ఆయన ప్రార్థనలో కరిగిందని ఆవిడ సాక్ష్యం. ఆ సాక్ష్యం చెప్పడానికి తీసుకెళ్ళాడు, వంటకి కూడా పనికొస్తదని. వాళ్ళ మాట వీళ్ళకీ, వీళ్ళ మాట వాళ్ళకీ చెప్పడానికి సింహాచలం అని ఒకాయన. వాళ్ళ ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నించి రబ్బరు తోటల్లో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడంట. ఈయన పుట్టింది అక్కడే గాని, తెలుగు మాత్రం ముత్తాతదే.

ఇప్పుడు మిందు సంగతి వినండి. ఆమె ఒకప్పుడు ఆ ఊరికి వైద్యురాలు. పాటలు పాడి, మహిమగల రాళ్ళపెట్టె పక్కన పెట్టుకుని, జబ్బు మనిషి ఒళ్ళు తడిమి ఆత్మను వెనక్కి పిలిచే వైద్యం వాళ్ళది. బాప్తిస్మం తీసుకున్నాక ఆ పెట్టె తీసుకెళ్ళి సంఘ పెద్దల చేతిలో పెట్టేసింది. అప్పట్నించి ఆమె ఎవర్నీ ముట్టుకోవడానికి లేదు. పాత పద్ధతిలో ముట్టుకుంటే పాపం. కొత్త పద్ధతిలో ముట్టుకోవాలంటే అయ్యగారు ఎవరన్నా నూనె రాసి, చేతులుంచి, నువ్వు చెయ్యొచ్చు అని నియమించాలి. ఏళ్ళకేళ్ళు ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా గుమ్మం దగ్గర నిలబడి చూడ్డమే. అందుకని శిక్షణ పెడుతున్నారనగానే అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది. అందరికన్నా బాగా నేర్చుకుంది కూడా. ఒకరోజు ఏమైందంటే, అయ్యగారు సువార్తమ్మని రోగిలాగా కూర్చోబెట్టి, మిందుని చెయ్యి పెట్టమన్నాడంట. ఎక్కడ నొప్పో ఎవరూ చెప్పలేదు. ముసలామె వీపంతా ఒకసారి తడిమి, ఎడమ పక్క డొక్క కింద, సరిగ్గా ఆ పాత గడ్డ చోట ఆపేసింది. అక్కడ ఇంకా అప్పుడప్పుడూ సలుపు ఉంటదని సువార్తమ్మ మొగుడికి కూడా చెప్పలేదు. సాక్ష్యం చెప్పిన మనిషి సలుపుంది అని ఎలా చెప్పిద్ది? ఆ చెయ్యి అక్కడ ఆగగానే ఆవిడ చటుక్కున పక్కకి జరిగిందంట. దీనికెలా తెలిసింది? ఆ రోజు నించీ మిందు ఎటు తిరిగితే ఈవిడ కళ్ళు అటు తిరిగేవి.

తిండి సంగతీ అంతే. మిందు రోజూ పొద్దున్నే పళ్ళెంలో అన్నం, వెదురుబొంగులో ఉడికించిన కూర తెచ్చి పెట్టేది. ఈవిడ రోజూ చెయ్యి అడ్డం పెట్టేది. ఏ దెయ్యానికి చూపించి తెచ్చిందో, విగ్రహార్పితమేమో అని. ఇంటి నించి తెచ్చుకున్న అటుకులు, ఆవకాయ సంచిలోంచి తీసుకుని ఓ మూల కూర్చుని తినేది. ముసలామె పళ్ళెం పట్టుకుని కాసేపు నిలబడి, వెళ్ళిపోయేది.

ఇక ఆ ఆరూ పది నాడు ఏమిటంటే, చంటిపిల్లలకి తప్ప అందరికీ ఉపవాసం. మర్నాడు నియామకం. ఉపవాసం తప్పినవాళ్ళని నియమించనని అయ్యగారు ముందే చెప్పేశాడు. సువార్తమ్మ మొహం కడుక్కోకుండానే ఆయన దగ్గరికి వెళ్ళిందంట. అయ్యగారూ, మీరు రేపు నూనె రాసి అధికారం ఇద్దామనుకుంటున్న మనిషి ఉపవాసం నాడు మెతుకులు నోట్లో పెట్టుకుంది, నా చెప్పుల మీద ఏదో ప్రయోగం కూడా చేసింది, నా కళ్ళతో చూశాను, ఇదిగో టైము కూడా చూశాను. ఆయన చెప్పులు తెప్పించాడు. మెతుకులు ఎండి అతుక్కుని ఉన్నాయి. కొత్తవీ ఉన్నాయి, పాతవీ ఉన్నాయి. పాతవీ ఉన్నాయనేసరికి సువార్తమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

అందరూ వసారాలో చాపల మీద కూర్చున్నాక అయ్యగారు మిందుని లేపాడు. “సహోదరీ, ఈ పొద్దున నువ్వు అన్నం ముట్టావా?” సింహాచలం వాళ్ళ భాషలో చెప్పాడు. ముసలామె, ముట్టాను అంది. “ఈ చెప్పులకు రాశావా?” రాశాను. “ఎందుకు రాశావు?” అప్పుడు ఆమె సువార్తమ్మ వైపు ఒకసారి చూసిందంట. చూసి తల దించుకుంది. మళ్ళీ అడిగాడు. నోరు విప్పలేదు. ఊరంతా చూస్తన్నారు, ఆమె కూతురు చూస్తంది, పెట్టె పుచ్చుకున్న పెద్దలు చూస్తన్నారు. పాత బుద్ధులు వదల్లేదు, ఈమెను రేపు నియమించడానికి వీల్లేదు అన్నాడు అయ్యగారు. ఆమె సరేనన్నట్టు తలూపి, వెనక్కి వెళ్ళి, చంటిపిల్లల తల్లులు కూర్చునే చోట కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందంట, వేరేవాళ్ళ సామాను కాపలా కాస్తున్నట్టు. ఆ మాట సువార్తమ్మే నాతో అంది. అప్పటికి మాత్రం ఆవిడకి ఏమీ అనిపించలేదనుకో. పీడ వదిలిందనుకుంది.

మధ్యాహ్నం ఏటి ఒడ్డున చెప్పులు ఇసకేసి తోముతుంటే సింహాచలం వచ్చి రాయి మీద కూర్చున్నాడు. “ఏటమ్మా, తోమేస్తన్నావా? తోము తోము. ఆ ముసల్ది నీకోసం రోజూ పెట్టిన కాపలా అంతా పోద్ది” అన్నాడంట. కాపలా ఏంటయ్యా అంది ఈవిడ. “నీకు తెల్దు గానీ, ఈల్లకి ఒక బయముంది. పూని అంతారు. పెట్టిన కూడు తినకపోతే తినకపోనీ, వేలితోనైనా ముట్టాల. ముట్టకుండా గడప దాటితే ఆ మనిషిని పామైనా కరుస్తాది, ఏట్లో మొసలైనా లాగేస్తాదని. నువ్వు రోజూ సెయ్యి అడ్డం పెట్టి ఎల్లిపోతన్నావు. ఆయమ్మ ఏటి సేస్తాది? నువ్వు ముట్టనందుకు నీ బదులు తను ముట్టి, నీ సెప్పులకి ముట్టిస్తంది, ఉపాసం నాడూ మానలేదు. నువ్వు దూరదేశం నించొచ్చిన ఆడకూతురివి అనుకుంది.” మరి అందరిలో అడిగినప్పుడు ఆ మాట చెప్పొచ్చు గదా అంది సువార్తమ్మ. సింహాచలం కోపంగా చూశాడంట. “ఎలగ సెప్తాది? ఇంటికొచ్చిన మనిషి నా కూడు కాదంది అని ఊరందరి ముందర సెప్తాదా? నీ పరువు తీస్తాదా? నీకోసం నోరు కట్టేసుకుంది, ఆయమ్మ పని పోయింది.”

సువార్తమ్మ తడి చెప్పులు చేతిలో పట్టుకునే అయ్యగారి దగ్గరికి పరిగెత్తింది. తప్పు నాది అయ్యగారూ, ఆమె తినలేదు, ప్రయోగం చెయ్యలేదు, నాకోసం చేసింది, ఆమెని మళ్ళీ చేర్చండి అంది. ఆయన అంతా విన్నాడు. విని, “అయినా అది మూఢనమ్మకమే గదమ్మా. దేవుని మీద ఆనుకున్న బిడ్డ పాముకు భయపడి మెతుకులు రాస్తదా?” అన్నాడు. ఈవిడ ఊరుకుంటదా? “మరి మనం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నేను తుమ్మితే, ఆగి మంచినీళ్ళు తాగి కూర్చోమన్నారు గదండీ” అంది. “అది వేరు” అన్నాడు. ఎలా వేరండీ అంది. “వేరంటే వేరమ్మా. నలుగురిలో ఒకసారి చెప్పిన మాట నేను వెనక్కి తీసుకుంటే రేపు ఈ జనం నా మాట వింటారా?” అదీ అసలు సంగతి. అదన్నమాట ఆయన భయం. ఎవరి పాము వాళ్ళకుంది.

మర్నాడు నూనె రాశాడు, చేతులుంచాడు, కొందరిని నియమించాడు. అందరూ మగాళ్ళే. మిందు వెనకాల కూర్చుని వాళ్ళతో పాటు పాట పాడింది. తర్వాత వీళ్ళు పడవెక్కుతుంటే ఊరంతా రేవులోకి వచ్చారు. మిందు కూడా వచ్చింది, పళ్ళెం పట్టుకుని. ఇంత జరిగాక కూడా, చూశారా. దగ్గరికి రాలేదు, నాలుగు బారల దూరంలో నిలబడింది, మళ్ళీ చెయ్యి అడ్డం పెడతారేమోనని. సువార్తమ్మ ఒక కాలు పడవలో పెట్టినది, ఆ కాలు తీసేసి బురదలో దిగి వెళ్ళి, ఆ పళ్ళెం పుచ్చుకుని అక్కడే చతికిలబడి తినడం మొదలెట్టిందంట. ముట్టుకోవడం కాదు, తినడం. పళ్ళెం ఖాళీ చేసి మళ్ళీ పెట్టమని చూపించింది. పడవలోంచి అయ్యగారు, “సువార్తమ్మా, అది దేనికి చూపించి తెచ్చారో తెలియదు!” అని కేక. ఈవిడ నోటినిండా అన్నంతోనే, “నాకు చూపించి తెచ్చిందండీ” అందంట. ముసలామె పకపకా నవ్వింది. ఆమెకేం అర్థమైందో గాని నవ్వింది. సువార్తమ్మ ఏడ్చింది. క్షమించమని చెప్పమని సింహాచలానికి చెబితే ఆయన ఏదో చెప్పాడు, ముసలామె ఏదో అంది. ఏమందయ్యా అంటే, ఉప్పు సరిపోయిందా అని అడుగుతంది అన్నాడంట. తిన్నంత మాత్రాన మిందు పని తిరిగొచ్చిద్దా? రాలేదు. పడవ కదిలేటప్పటికి ఆ చేతుల్లో ఉన్నది ఖాళీ పళ్ళెమే.

వీళ్ళు ఇంటికొచ్చేశారు. కొన్నాళ్ళకి ఆదివారం ఆరాధనలో అయ్యగారు పెద్ద సాక్ష్యం చెప్పాడు. మనం శిక్షణ ఇచ్చి వచ్చిన చోట, ఏటి ఎగువన ఒక చిన్నపిల్ల జ్వరంతో చావు దాకా వెళ్ళింది, మన చేత నియమించబడినవాళ్ళు చేతులుంచారు, బిడ్డ లేచి కూర్చుంది, దేవునికి స్తోత్రం అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, అబద్ధమెందుకు. సువార్తమ్మ మాత్రం అనలేదు. అనుమానం మనిషి అని చెప్పాను గదా. ఇంటికెళ్ళి, చీర కూడా మార్చుకోకుండా సింహాచలానికి ఫోను చేసింది. నిజమేనా అంది. పిల్ల బతికిన మాట నిజమే అన్నాడు. చేతులుంచిందెవరు అంది. నియమించినోల్లు ఎల్లినారు, నూనె రాసినారు, ప్రార్థన సేసినారు, జ్వరం తగ్గలేదు, ఎల్లిపోయినారు అన్నాడు. తర్వాత పిల్ల తల్లి మిందు కోసం మనిషిని పంపించిందంట. మిందు, నాకు ప్రార్థన చెయ్యడానికి అనుమతి లేదు, పడవ తియ్యండి అందంట. ఏరు పోటు మీదుంది, ఆసుపత్రి దిగువన ఎక్కడో. ఆ దారంతా పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తల మీద ఒక చెయ్యి, డొక్క మీద ఒక చెయ్యి పెట్టి కూర్చుందంట. ప్రార్థన చెయ్యలేదు, పాత పాటా పాడలేదు. ఆసుపత్రిలో సూదిమందు వేశారు, సీసాలెక్కించారు, పిల్ల బతికింది. ఏది పనిచేసిందో నన్నడక్కండి, సువార్తమ్మా అడగలేదు. ఆవిడ అడిగింది ఒకటే, మరి అక్కడ మిందుని ఎవరూ ఏమీ అనలేదా అని. అన్లేదు గానీ, పేరు రాసుకునే నర్సు, ఈ పిల్లకి నువ్వేమవుతావు అని అడిగిందన్నాడు సింహాచలం. ఏమీ కాను, నా చేతులు ఖాళీగా ఉన్నాయి, పట్టుకోడానికి వచ్చాను అందంట.